కొలతలాయన కుడి చెవి

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. వడ్రంగి. రెండుసార్లు కొలవనిదే రంపం ముట్టడు. ఇంట్లో భార్య చాప పరిస్తే, అది గోడకు సమానంగా ఉందో లేదో చూసుకుని గానీ కూర్చోడు. అందుకే అందరికీ ఆయన కొలతలాయన.

అలాంటి మనిషికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బుద్ధి గడ్డి తింది. బీరువా చేయించుకుంటున్న ఒకమ్మాయి పని చూసుకోవడానికి షెడ్డుకొచ్చి, "తాతగారూ, ఈ తలుపు కాస్త వంకరగా లేదూ?" అంది. తలుపు వంకరన్నందుకు కాదు, తాతన్నందుకు ఆయనకు ఒళ్ళు మండింది. అదే షెడ్డులో పాలిష్ పని చేసే బావమరిది నవ్వాపుకుంటూ, "బావా, చెవి పైన చిన్న పోగు పెట్టించు. పదేళ్ళు దిగిపోతావు" అన్నాడు. కుర్చీ కాలు కొయ్యాలంటే గంట తటపటాయించే పెద్దమనిషి, అటునుంచటే బజారుకు వెళ్ళి, కుడి చెవి పైభాగాన, మెత్తటి ఎముక ఉన్నచోట, తళతళలాడే రాయి పోగు కుట్టించుకొచ్చాడు.

తలుపు తీసిన భార్య ఆ చెవి వంక చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

పదేళ్ళు దిగలేదు గానీ చెవి మాత్రం ఉబ్బింది. ఎర్రబడింది. పోగు వెనకనుంచి చీము కారడం మొదలైంది. సలహా ఇచ్చిన బావమరిదే వైద్యానికీ ముందుకొచ్చాడు. "చెక్క మీద మురికిని వదలగొట్టే స్పిరిటుకు, చెవి మీద చీము లొంగదా ఏంటి బావా?" అంటూ పాలిష్ గుడ్డతోనే అద్దాడు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. ఆయన పెట్టిన కేకకు పక్క షెడ్డులో మిషన్లు ఆపేశారు.

ఇక లాభం లేదని భార్య ఆస్పత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ చెవి చూసి మందలించి మాత్రలు రాసింది. మిగతా జాగ్రత్తలు నర్సు చెప్పింది.

"పోగు మీ అంతట మీరు తీసెయ్యకండి. రంధ్రం మూసుకుపోతే చీము లోపలే ఉండిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్ళలో కాస్త ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డతో అద్దండి. తిప్పొద్దు, నలపొద్దు, దేన్నీ తగలనివ్వొద్దు. మళ్ళీ వచ్చేసరికి తగ్గకపోతే కోసి చీము తియ్యాలి. ఎముక పాడైతే చెవి ముడుచుకుపోతుంది తాతగారూ."

నర్సు కూడా తాతన్నది ఆయనకు వినపడనే లేదు. "చెవి ముడుచుకుపోతే కళ్ళజోడు దేని మీద నిలబడుతుందమ్మా?" అన్నాడు. కళ్ళజోడు లేకపోతే టేపు మీద గీతలు కనపడవు. గీతలు కనపడకపోతే ఆయన ఉత్త ముసలాయనే.

ఇంట్లో వైద్యం మహా నిష్ఠగా సాగింది. చెంచాడు ఉప్పును స్కేలుతో చదును చేసి మరీ నీళ్ళలో వేసేవాడు. చెవికి దిండు తగులుతుందని ఎడమవైపే పడుకునేవాడు. భార్య పలకరిద్దామని దగ్గరికొస్తే, "దూరం! దూరం!" అని అరిచేవాడు. అయినా తెల్లారేసరికి కాస్త తగ్గిన వాపు, పనినుంచి వచ్చేసరికి మళ్ళీ బూరెలా పొంగేది. బావమరిది పోగు మంచిది కాదన్నాడు. ఆయన ఉప్పు మంచిది కాదన్నాడు. భార్య మాత్రం మర్నాడు అన్నం క్యారియరు పట్టుకుని తనే షెడ్డుకు వెళ్ళి, గుమ్మం పక్కన నిలబడి చూసింది.

కొలతలాయన పలక కొలిచాడు. పెన్సిలు మొన నాలుక మీద అద్దుకున్నాడు. గీత గీశాడు. రంపపు పొట్టంటిన చేత్తో ఆ ఎంగిలి పెన్సిలు కుడి చెవి మీద, సరిగ్గా పోగు వెనక మర మీద దోపుకున్నాడు. "అబ్బా" అన్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ అద్దుకున్నాడు, మళ్ళీ దోపుకున్నాడు. ముఖానికి ముక్కెలాగో ఆయన చెవికి ఆ పెన్సిలు అలాగ. రోజంతా పక్కనే ఉండే బావమరిదికి కూడా అది కళ్ళకు ఆనలేదు.

ఆవిడ గబగబా వెళ్ళి పెన్సిలు లాగేసుకుంది.

"చెవికి చేశారు గానీ వైద్యం, ఈ చేతికెవరు చేస్తారండీ?"

"అదేంటే, అలవాటు..."

"అలవాటే! అక్కడ కోస్తారన్నప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మీకు చూపానకపోతే, పనిమానేసి ఇంట్లో కూర్చుని నా గిన్నెలు కొలుస్తారు. అది నేను భరించలేను" అంటూనే ఏడ్చేసింది. కొలతలాయనకు ఏం చెయ్యాలో తోచక, చేతులు కడుక్కొచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, కొత్త పెన్సిలుకు పురికొస కట్టి ఆయన మెడలో వేసింది. చెయ్యి పాత అలవాటుగా చెవిదాకా వెళ్ళేది, సిగ్గుపడి గుండె మీదకు దిగేది. మాత్రలూ ఉప్పునీళ్ళూ అప్పుడు పనిచేశాయి. ఆస్పత్రికి మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ కొయ్యక్కర్లేదంది. చెవి చెవిలాగే మిగిలింది.

బీరువా పట్టుకెళ్ళడానికి ఆ అమ్మాయి వచ్చింది. కొలతలాయన కుడి చెవిని కాస్త వెలుగుకు తిప్పి నిలబడ్డాడు. ఆ పిల్ల రాయి పోగు వంకైనా చూడలేదు.

"ఇదేంటి తాతగారూ, బడిపిల్లాడిలా మెడలో పెన్సిలు?"

బావమరిది పాలిష్ డబ్బా వెనక్కి నక్కాడు. కొలతలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. అది రెండు చెవుల మీదా తిన్నగా కూర్చుంది. బీరువా తలుపు ఒకసారి వేసి చూశాడు, తీసి మళ్ళీ వేసి చూశాడు.

"నువ్వు చెప్పింది నిజమే తల్లీ, అప్పుడు వంకరగానే ఉంది. సరిచేశాను" అన్నాడు.