ఏడు పెద్దదా, ఐదు పెద్దదా

కోరుట్లలో నా జిరాక్స్ షాపును ఆనుకుని ఉన్న షట్టరు హేమలతది. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. కెమెరావాళ్ళు తెచ్చి పడేసిన పదిగంటల సరుకును కోసి, అతికించి, పాటలు పెట్టి మూడు గంటల పెళ్ళిగా చేయడం ఆమె పని. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ఏ మామ అలిగాడో, ఏ వదిన మూతి తిప్పిందో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అవన్నీ కోసి పారేస్తుంది కాబట్టే మా దిక్కు చుట్టరికాలు నిలబడుతున్నాయి.

అంత చురుకైన మనిషికీ, పక్కనే ఉన్నందుకు నాకూ, మొన్న జూన్ చివర వారం రోజులు మతి పోయింది.

ఆమె అత్త పోచవ్వ కాలు విరిగి మంచాన పడింది. ఇక హేమలత ఇంట్లోనే ఉండి పని చేసుకోవాలి, లేదా పనే మానుకోవాలి. ఈ సంగతి విని దుబాయిలో ఉన్న భర్త మహిపాల్ ఒక ల్యాప్‌టాప్ కొని, సెలవు మీద వస్తున్న రాయికల్ మనిషి చేతికిచ్చి పంపాడు. మహిపాల్ అక్కడికి పోయి తొమ్మిదేళ్ళయింది. ఏసీలో కూర్చుని చేసే పని అని మొదటి నుంచీ చెబుతాడు. ఎండలు ముదిరిన మూడు నెలలు రోజూ మధ్యాహ్నం రెండు దాటగానే తీరిగ్గా ఫోన్ చేస్తాడు. ఎంత మంచి ఆఫీసో అనుకునేదాన్ని.

ల్యాప్‌టాప్ మీద లోపలి చిప్పు రకం ఐ సెవెన్ అని ఉంది. షాపులో ఉన్న నాలుగేళ్ళ డెస్క్‌టాప్ ఐ ఫైవ్. దాని పక్క రేకు ఎప్పుడో ఊడదీశారు, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. హేమలత మూడు నిమిషాల పాటను రెండింట్లోనూ రెండర్ పెట్టింది. అంటే కోసిన ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగా వండమని చెప్పడం. ల్యాప్‌టాప్ ముందు ముగించింది.

"ఏడు పెద్దది గదా అక్కా," అంది.

ఐదు కన్నా ఏడు పెద్దదని నాకూ తెలుసు. ఆ ధైర్యంతోనే ఆమె జగిత్యాలలో పాత కంప్యూటర్లు కొని అమ్మే జలపతికి ఫోన్ చేసి, గురువారం వచ్చి డెస్క్‌టాప్ కొనుక్కుపొమ్మంది. కొత్త బండికి చేయించినట్టు ల్యాప్‌టాప్‌ను కొండగట్టు గుడికి తీసుకెళ్ళి అంజన్న ముందర పూజ కూడా చేయించింది.

తర్వాత సిరిసిల్ల పెళ్ళి చేతికి వచ్చింది. ఆ పెళ్ళికొడుకు శనివారం మస్కట్ విమానం ఎక్కాలి. పెళ్ళయి నెల తిరగలేదు, వీడియో అయినా వెంట ఉండాలని బతిమాలాడు. హేమలత ఇంట్లో కూర్చుని మొత్తం పెళ్ళిని ల్యాప్‌టాప్‌లో రెండర్ పెట్టింది. మరునాడు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పుస్తె కట్టేదాంక ఉరికింది అక్కా. గాడికెళ్ళి నత్త నడక. తెల్లారినా అప్పగింతలు రాలేదు."

షాపులో బల్ల మీద పెట్టి చిన్న పాట ఇస్తే మళ్ళీ ఉరికింది. ఇంటికి తీసుకుపోయి పెళ్ళి ఇస్తే మళ్ళీ కుంటింది. పోచవ్వ మంచం మీది నుంచే "వాడకంత చూపెట్టినవ్, దిష్టి తాకింది" అని నిమ్మకాయ తిప్పించింది. నేను పదేళ్ళుగా జిరాక్స్ మిషన్‌తో కాపురం చేస్తున్నదాన్ని కదా, ఇంట్లో కరెంటు బాగాలేదని తేల్చాను. ప్లగ్గు మార్చింది, గది మార్చింది. నా తెలివి కూడా నిమ్మకాయ పాటిదే అయింది.

గురువారం జలపతి వచ్చాడు. అంతా విని, ల్యాప్‌టాప్‌ను ఇంట్లో దేని మీద పెట్టి పని చేస్తున్నావని అడిగాడు.

"మా ఆయన పంపిన పులి బొమ్మ దుప్పటి ఉన్నది గదన్నా, గది నాలుగు మడతలు పెట్టి దాని మీద. గీతలు పడొద్దని."

నాకు తప్పేమీ కనిపించలేదు. గల్ఫ్ నుంచి వచ్చిన వస్తువుకు మా ఇళ్ళలో ఆ మాత్రం మర్యాద ఉంటుంది. రిమోట్‌కు చుట్టిన కవరు కూడా చిరిగేదాకా తీయం.

జలపతి తల పట్టుకున్నాడు. "కింద గాలి పోయే సందులుంటయి చెల్లె. దుప్పట్ల ముంచితె గాలెక్కడిది? లోపల చిప్పు వేడెక్కుతది. కాలిపోకుండ తనంత తానే మెల్లగైతది."

"మరి దుప్పటి తీస్తె డెస్క్‌టాప్‌ను కొడ్తదా?"

"చిన్న పాటకు కొడ్తది. మూడు గంటల పెళ్ళికి కొట్టది."

"ఏడు పెద్దది గదన్నా."

"నంబర్ చూస్తె కాదు. ల్యాప్‌టాప్‌ల చిప్పుకు కరెంటు తక్కువ ఇస్తరు, ఫ్యాన్ గింతంత ఉంటది. డెస్క్‌టాప్‌ల నిండ కరెంటు, పెద్ద ఫ్యాన్. ఏడు ఇరుకింట్ల ఉన్నది, ఐదు వాకిట్ల ఉన్నది. నువ్వు ఈ డెస్క్‌టాప్‌ను అమ్ముకోకు, ఇంటికి మోసుకపో."

డెస్క్‌టాప్‌ను ఇంటికి మోసుకుపోవచ్చన్న ముక్క వారం రోజులుగా మా ఇద్దరికీ తట్టలేదు. జలపతి ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. హేమలత సిరిసిల్ల పెళ్ళిని డెస్క్‌టాప్‌లో పెట్టి, పక్కనున్న ల్యాప్‌టాప్ వైపు చూస్తూ కూర్చుంది.

"ఇగ ఆయనకేం చెప్పాలె అక్కా? ముచ్చటపడి పంపిండు."

రెండు దాటగానే, అంటే అక్కడ పన్నెండున్నర దాటగానే, మహిపాల్ ఫోన్ వచ్చింది. చేతులు కీబోర్డు మీద ఉంటాయి కాబట్టి ఆమె ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడుతుంది.

"ల్యాప్‌టాప్ ఎట్ల నడుస్తున్నది?"

"మంచిగనే ఉన్నది," అని హేమలత కాసేపు నసిగింది. "వేడెక్కితె జర మెల్లగైతదట. కాలిపోకుండ తనంత తానే తగ్గుతదట."

మహిపాల్ నవ్వాడు. "మా తీరుగనే. మాకు గూడ పన్నెండున్నర కాంగనె పని బంద్ చేపిస్తరు, ఎండకు మనుషులు పడిపోతరని. మూడింటికి మల్ల పైకెక్కాలె."

"యాడికి ఎక్కాలె?"

హేమలత కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది.

"నీది ఏసీల పని గదా?"

"ఆ, ఏసీలనే. గా అవతలోళ్ళ సంగతి చెప్తున్న. మంచిదే, అవ్వను పైలంగ చూస్కో." ఫోన్ పెట్టేశాడు.

డెస్క్‌టాప్‌లో సిరిసిల్ల పెళ్ళి అప్పగింతల దాకా వచ్చింది. హేమలత దాన్ని చూడలేదు. లేచి, నాలుగేళ్ళుగా డెస్క్‌టాప్ వైపే తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్‌ను ల్యాప్‌టాప్ వైపు తిప్పింది. దాంట్లో పనేమీ నడవడం లేదు.