పూడ్చిన మగ్గం గుంట

ఇరవై మూడేళ్లకే నాకు మూత్రం సరిగా వచ్చేది కాదు. ధర్మవరంలో మా ఇంటి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేతకు కూర్చుంటే గంటలో మూడుసార్లు లేవాలి. లేచినా నాలుగు చుక్కలే. సిగ్గుతో చచ్చేవాణ్ణి.

అమ్మ తీర్పు చెప్పేసింది. గుంటలో తేమ, పొద్దస్తమానం కూర్చోవడం, అంతా వద్దన్నా వినకుండా నన్ను మగ్గానికి కూర్చోబెట్టిన నాయన చేసిందే. వీధివీధికీ చెప్పుకొచ్చింది. నలభై ఏళ్లుగా అదే గుంటలో కూర్చున్న నాయనకు ఏమీ కాలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చదువుకున్నవాణ్ణి, నాకూ తట్టలేదు. నాయన మగ్గం విప్పి, తాత తవ్విన గుంటలో మట్టి పోసి అలికేశాడు. తర్వాత ఇతరుల ఇళ్లలో కూలికి నేశాడు. నేను బట్టలకొట్లో చేరాను. చుక్క కూడా ఎక్కువ రాలేదు.

చివరికి నాయనే హిందూపురంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పరీక్ష చేసి, ప్రోస్టేటు గ్రంథి వయసుకు మించి పెరిగిందన్నాడు. మగ హార్మోను అందరిలోనూ ఉంటుందట. అది తాళంచెవి లాంటిదైతే, ఒంట్లో దాన్ని అందుకునే తాళం ఒక్కొక్కరికి ఒక్కో తీరట. ఆ తాళాన్ని తయారుచేసే జన్యువు మగవాడికి తల్లి నుంచే వస్తుందట. నా జబ్బుకు అదే కారణమని ఖాయంగా చెప్పలేనన్నాడు. మగ్గం మాత్రం కాదన్నాడు. మేనమామలకు ఇలా ఉందా అని అడిగాడు.

నాయనా నేనూ ముఖాలు చూసుకున్నాం. పెనుకొండ మామ ఏ బస్సెక్కినా దారిలో రెండుసార్లు ఆపించేవాడు. చిన్నప్పటినుంచీ అది మాకు నవ్వులాట.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు నాయన నోరు విప్పాడు.

"ఈ మాట మీయమ్మతో అనొద్దప్పా. తట్టుకోలేదు."

"మరి గుంట పూడ్చేస్తివి గదా నాయనా?"

"పూడ్చింది పూడ్చిందే. ఆ నింద నామీదనే ఉండనీ."

సరేనని మాటిచ్చాను.

మాత్రలతో నాకు చాలావరకు నయమైంది. నాయన మాత్రం మళ్లీ సొంత మగ్గం ఎక్కకుండానే పోయాడు. అమ్మ ఇప్పటికీ అన్నాల దగ్గర ఆ చోటు చూపించి, ఆ మనిషి మొండితనం వల్లే తన కొడుకు అంత బాధపడ్డాడని నా భార్యకు చెబుతుంది. నాయనకిచ్చిన మాట అనుకుంటూ నేను పళ్లెంలోకి చూస్తూ తింటాను. ఆయన పోయాక కూడా ఆ నింద ఆయన చేతే మోయిస్తున్నాను.