గడియ పడని ఊరు

తాళాలాయనకు పిరికితనం పుట్టుకతో వచ్చింది కాదు, అద్దె ఇళ్ళలో పట్టుకుంది. మెట్ల మీద ఇంటి యజమాని చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, తింటున్న ముద్ద గొంతు దిగేది కాదు. ఇంటి యజమానులందరికీ ఎక్కడో ఒక కొడుకు ఉంటాడు. ఆ కొడుకు సరిగ్గా అద్దె పెంచాల్సిన నెలలోనే కాపురానికి వస్తానంటాడు. "మా అబ్బాయి వస్తున్నాడయ్యా, ఇల్లు ఖాళీ చెయ్యాలి" అన్న మాట విన్నప్పుడల్లా అతను సామాను కట్టాడు. ఆ కొడుకుల్లో ఒక్కడైనా వచ్చిన దాఖలా లేదు. వచ్చేవాడు ఇంకాస్త ఎక్కువ అద్దె ఇచ్చేవాడు, అంతే.

"ఊరందరి తలుపులకీ తాళాలు బిగిస్తారు, మనకంటూ ఒక తలుపు లేకపోయె" అని భార్య దెప్పేది. ఆవిడ ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేది. మాటకు కూడా అంతే వేడి. కానీ ఈ విషయంలో ఆవిడ భయం కూడా అతని భయానికి ఏమీ తీసిపోదు. కూతురు ఎదుగుతోంది. ప్రతిసారీ బడి మారి, స్నేహితులు మారి, ఆ పిల్ల కొత్త ఇంట్లో మొదటి వారం పక్కలో తల్లి చెయ్యి వదిలేది కాదు.

ఆఖరికి ఇద్దరూ చవక ఊళ్ళు వెతకడం మొదలుపెట్టారు. సెలవు దొరికితే బస్సెక్కడం, ఊరు చూడటం, ఉసూరుమంటూ తిరిగి రావడం. ఒక ఊళ్ళో ఇళ్ళు చవకే గానీ నీళ్ళు వారానికోసారి వచ్చేవి. ఇంకో ఊళ్ళో తోళ్ళ కార్ఖానా వాసనకు పిల్ల బస్సు దిగకుండానే వాంతి చేసుకుంది. మరో ఊరు అన్ని విధాలా బాగుంది. మనుషులు మంచివాళ్ళు, గాలి మంచిది, ఇళ్ళు చవక. తీరా చూస్తే అక్కడ ఎవరూ తలుపులకు తాళమే వెయ్యరు. దొంగలు లేని ఊళ్ళో తాళాలవాడు ఏం తిని బతకాలి? మంచితనాన్ని తిట్టుకుంటూ వెనక్కి వచ్చారు.

అప్పుడు దొరికింది ఈ గని ఊరు. ఒకప్పుడు ఊరంతా గనిలోకి దిగి బతికిందట. గని మూతపడ్డాక వయసులో ఉన్నవాళ్ళు పనులు వెతుక్కుంటూ పోయారు. ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు వరసలు వరసలుగా మిగిలాయి. ఇంత చవకేమిటని అడిగితే బ్రోకరు తడుముకోకుండా చెప్పాడు: గని లేదు, పని లేదు, కొనేవాడు లేడు. అది అబద్ధం కాదు. చవకగా దొరికే ప్రతిదాని వెనకా ఒక కారణం ఉంటుంది, ఒక్కోసారి రెండు ఉంటాయి. మొదటిది వినగానే మనకు ప్రాణం లేచివస్తుంది, ఇక రెండోది అడగం.

దానికితోడు ఆ రోజే ఇంకో వింత జరిగింది. అతని నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి చూసి వీధిలో ఒకావిడ ఆపింది. తమ తలుపు గడియ గుమ్మంలోని రంధ్రంలో పడటం లేదని, కాస్త చూడమని అడిగింది. ఆ పని ముగించేలోపు ఎదురింటాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన తర్వాత చివరింటివాళ్ళు. అందరిదీ ఒకటే గోడు. తాళాలాయనకు ఆకలితో ఉన్నవాడికి పెళ్ళిభోజనం ఎదురొచ్చినట్టయింది. చవకైన ఇల్లూ, చేతినిండా పనీ ఒకే ఊళ్ళో! బస్సులో తిరిగి వస్తూ భార్యతో పదిసార్లు అదే మాట అన్నాడు.

ఇక్కడ అతని పని పద్ధతి ఒకటి చెప్పాలి. పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే అతనికి ఒక కట్టుబాటు పెట్టాడు. తాళాలవాడు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి, కళ్ళు తాళం మీదే ఉండాలి. తలెత్తి ఇంట్లోకి చూడకూడదు. బీరువా ఎక్కడుంది, కిటికీ ఎక్కడుంది, మంచం ఎక్కడుంది, ఇవేవీ అతనికి తెలియకూడదు. ఆ ఇంట్లో రేపు ఏది పోయినా మొదట గుర్తొచ్చేది తాళాలవాడి మొహమే కనుక, చూసి ఉండకపోవడం ఒక్కటే అతనికి రక్ష. పిరికివాడికి అంతకన్నా నచ్చే నియమం ఏముంటుంది? ప్రాణంలా పాటించాడు. తను పనిచేసిన ఇళ్ళలో గోడల రంగు ఏమిటో అడిగితే అతను చెప్పలేడు. కొనబోయే ఇంటిని కూడా అలాగే చూశాడు మహానుభావుడు. వీధి తలుపు ముందు కూర్చుని గడియ వేసి తీశాడు, బందులు తడిమాడు, దివ్యంగా ఉందన్నాడు. భార్య వంటగదీ, కుళాయీ, బట్టలారే ఎండా చూసుకుంది. గోడలకు కొత్తగా వేసిన సున్నం చూసి ఇంకా ముచ్చటపడింది. ఇద్దరూ కూడబెట్టింది మొత్తం ఆ ఇంటికే పోసేశారు.

మొదట్లో అంతా బాగానే ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు లేదు, ఎవరి కొడుకూ రావడం లేదు. గడియలు పడకపోవడానికి కారణం ఊరివాళ్ళే చెప్పారు: వానలకు చెక్క ఉబ్బుతుందట. అతను గుమ్మానికి ఉన్న ఇనపరేకు విప్పి, రంధ్రాన్ని ఉలితో కాస్త కిందికి దించి, రేకు మళ్ళీ బిగించేవాడు. గడియ టక్కున పడేది. ఇంటివాళ్ళ మొహాలు వికసించేవి. ఎండాకాలం వచ్చింది. చెక్క ఎండింది, గడియలు మాత్రం పడలేదు. సరిచేసిన ఇళ్ళ నుంచే మళ్ళీ కబురు వచ్చేది. మళ్ళీ వెళ్ళి ఇంకాస్త కిందికి కోసేవాడు. పాత ఖాతాదారులు నమ్మకంగా తననే పిలుస్తున్నారని సంబరపడ్డాడు కూడా.

అంతటితో ఆగి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. సొంత ఇంటి సుఖం మరిగినవాడు నోరు కట్టుకోలేడు. బావమరిదికి ఫోన్ చేసి ఊరి గురించి ఊదరగొట్టాడు. ఆ కుర్రవాడు నగరంలో ఒక బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. అతని భార్యకు నెలలు నిండుతున్నాయి, ఇంటి యజమాని కొడుకు వస్తున్నాడట. పక్కింటి నర్సు ఉద్యోగం మానేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటోంది. ఆవిడ ఇల్లు బేరానికి ఉంది. బేరం తాళాలాయనే కుదిర్చాడు. తమ్ముడు గోడకవతలే ఉంటాడని భార్య నేల మీద నిలవలేదు.

వాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వచ్చే ముందు రోజు నర్సు అతన్ని పిలిచింది. పడకగది తలుపు గడియ మళ్ళీ పడటం లేదట, చూసేవాళ్ళకు బాగుండదు, కాస్త సరిచెయ్యమంది. అతను మామూలుగానే కూర్చుని, మామూలుగానే రేకు విప్పాడు. చేతిలోంచి స్క్రూ జారి నేల మీద దొర్లిపోయింది. తలెత్తకుండా ఎడమ చెయ్యి చాపి, కిటికీ కింది మూలలో తడిమాడు. దొరికింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. చూడకుండా ఆ మూలకే ఎందుకు చాపాడు? నిన్న ఎదురింట్లో జారిన స్క్రూ కూడా కిటికీ మూలలోనే దొరికింది. చివరింట్లో కూడా. తన సొంత ఇంట్లో ఏది జారినా పిల్ల మంచం కిందికే పోతుంది. వీధి వీధంతా ఒకే వైపు దొర్లుతోంది. ఇన్ని నెలలుగా అతని చేతికి తెలిసిన సంగతి అతని బుర్రకు ఇప్పుడెక్కింది.

పరాయివాళ్ళ ఇంట్లో అతను మొదటిసారి తలెత్తి చూశాడు. బీరువా సందులోంచి కనిపించింది, దాని వెనక గోడ బీటలు వారి ఉంది. ఎవరో సిమెంటు పూసి, దాని మీద సున్నం కొట్టారు. ఆ సున్నం మీద బీట మళ్ళీ తెరుచుకుంది. రేకు విప్పిన చోట గుమ్మపు చెక్కలో, ఇన్నాళ్ళూ అతను పట్టించుకోని పాత కోతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైవి ఎవరివో. కింది రెండూ తనవి.

"ఇదేంటమ్మా?" అన్నాడు.

నర్సు నెమ్మదిగా చెప్పింది. "కింద అంతా తవ్వేసిందే కదా నాయనా. ఖాళీ పైన ఉన్నాం. నీకు తెలియదా? నేను తెలుసనుకున్నానే." తర్వాత ఏదో ఓదార్పు చెబుతున్నట్టుగా అంది. "తలుపులు పడనప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉండేవాళ్ళం. నువ్వొచ్చాక చక్కగా పడుతున్నాయి, కాస్త ధైర్యం వచ్చింది. చివరింటివాళ్ళు వెళ్ళిపోదామని సామాను కూడా కట్టుకున్నారు. నువ్వు బాగు చేశాక మళ్ళీ విప్పుకున్నారు."

ఆ మాట అతని గుండెల్లో గునపంలా దిగింది. చివరింట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఇల్లు 'నేను దిగిపోతున్నాను, లేచి పొండి' అని తలుపు చేత చెప్పిస్తుంటే, ఊరంతా తిరిగి ఒక్కో తలుపు నోరూ మూయించింది తనే.

అయినా రంధ్రాన్ని ఇంకాస్త కిందికి కోసి రేకు బిగించాడు. గడియ టక్కున పడింది. భయపడ్డవాడి చెయ్యి అలవాటైన పనే చేస్తుంది. నర్సు కాఫీ తాగి వెళ్ళమంటే వినిపించుకోకుండా తేలు కుట్టిన దొంగలా ఇల్లు చేరాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అతను కుదురుగా కూర్చోలేదు. పిల్ల గదిలో బీరువా జరిపి చూశాడు. అక్కడా బీట ఉంది, వేలు దూరేంత. బీరువా మళ్ళీ అదే చోటికి జరిపాడు. చెబుదామని రెండుసార్లు వంటగది దాకా వెళ్ళాడు. భార్య తమ్ముడి కోసం దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీస్తోంది. చెబితే బేరం పోతుంది. బేరం పోతే ఎందుకు పోయిందో నలుగురికీ తెలుస్తుంది. అప్పుడు ఈ ఇల్లు ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు ఉండడు. మళ్ళీ బస్సులు, మళ్ళీ మెట్లు, మళ్ళీ ఎవరి కొడుకో. చెప్పకపోతే నిండు చూలాలు ఆ బీట పక్కన మంచం వేసుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అతనికి కాళ్ళ కింద కూడా గొయ్యే. పిల్ల అన్నం తిని తన గదిలోకి వెళ్ళి పడుకుంటుంటే చూస్తూ నిలబడ్డాడు. రాత్రంతా చెవులు గోడకు అప్పగించి పడుకున్నాడు. గోడ ఏమీ అనలేదు, అందుకు ఇంకా భయం వేసింది.

బావమరిదీ అతని భార్యా తెల్లవారే బస్సుకు దిగారు. అక్క కాఫీ ఇస్తానంటున్నా ఆగకుండా, ముందు ఇల్లు చూద్దామని పక్కింట్లోకి నడిచారు. ఇకమీదట కాఫీ రోజూ గోడ మీద నుంచే అందిస్తానని నవ్వుతూ అక్కా వెంట వచ్చింది. తాళాలాయన అందరికన్నా వెనకగా, చేతిసంచి గుండెకు అదుముకుని నడిచాడు.

బావమరిది ప్రతి తలుపూ వేసి తీశాడు. ఇల్లు చూడాలంటే ముందు గడియ చూడాలని బావే చెప్పాడని నర్సుతో గర్వంగా అన్నాడు. పడకగది తలుపును ఒక్క వేలితో నెట్టాడు. టక్కున పడింది. "చూశావా బావా, వెన్నలా పడుతోంది" అన్నాడు. అతని భార్య రెండు చేతులూ నడుము మీద ఆనించుకుని గదంతా కలియజూసి, బీరువా పక్కన కిటికీ దగ్గర నిలబడింది.

"ఉయ్యాల ఇక్కడ వేద్దాం అన్నయ్యా, గాలి బాగా వస్తోంది."

తాళాలాయన సంచి కింద పెట్టాడు. తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవరు తీసి రేకు విప్పడం మొదలుపెట్టాడు. నర్సు "నాయనా" అని పిలిచింది. రేకు ఊడివచ్చాక పక్కకు జరిగి, అందరికీ కనబడేలా చెక్క మీది కోతలు చూపించాడు.

"నేల దిగుతోందిరా. దిగినప్పుడల్లా రంధ్రం కిందికి కోస్తూ వచ్చాను. ఈ వీధి మొత్తం నేనే కోశాను. ఈ ఇల్లు వద్దు. తీసుకోవద్దు."

బావమరిది ముందు భార్య చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర నుంచి ఇవతలికి లాగాడు. ఆ తర్వాత కోతల వంక చూశాడు, బీరువా వెనకకు చూశాడు.

"మరి అక్క ఇల్లు?" అన్నాడు.

అదీ అంతే అన్నట్టు తాళాలాయన తల ఊపాడు. నర్సు మంచం అంచు మీద కూలబడింది. తాళాలాయన భార్య మాత్రం గుమ్మంలో నిలబడినచోటే నిలబడింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న. ఇక్కడ పని చేస్తుంటే."

"నిన్న తెలిసి, రాత్రి పిల్లని ఆ గదిలో పడుకోనిచ్చారా?"

అతను నోరు తెరిచేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా ఇంటివైపు పరుగెడుతోంది. పిల్ల ఇంకా నిద్ర లేవలేదు.