మోకు పట్టు

ఆ బండి మళ్ళీ మా గల్లీకి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. వచ్చినప్పుడు కూడా ముందు గుర్తుపట్టలేదు. ఒకప్పటి ఎర్ర బండి నల్లరంగు వేయించుకుని, కొత్త స్టిక్కర్లు అంటించుకుని, సిద్దిపేటలో చిన్నకోడూరు రోడ్డు మొదట్లో ఉన్న గజేందర్ మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. నాది పక్క దుకాణం. బండ్లకు సీటు కవర్లు కుడతాను. మనిషి ముఖమైనా మరిచిపోతానేమో గానీ నా కుట్టు మరిచిపోను. నల్ల రెగ్జిన్ అంచున జంటగా నడిచిన ఎర్రదారం. అట్లాంటి కుట్టు నేను ఒక్కడికే వేశాను, గజేందర్ తమ్ముడు మల్లేశ్‌కు. ఆ బండి మీది నుంచి పడే మల్లేశ్ చనిపోయాడు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీదా పెద్దగా లేదనుకోండి, అది వేరే సంగతి. కానీ ఆ మిట్టమధ్యాహ్నం చేతిలో కత్తెర పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. గజేందర్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సీటును చూశాడు. నన్ను చూశాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ తుడుచుకోసాగాడు.

బండి తెచ్చినాయన పేరు మహేందర్. మర్కూక్ దగ్గర భూములున్నవాడు, కాంట్రాక్టులు చేస్తాడు, పాత స్పోర్ట్స్ బండ్లంటే పిచ్చి.

"గజేందరన్నా, కరీంనగర్ల కొన్న దీన్ని. ఇంజన్ మస్తున్నది గని స్పీడు వోతె హ్యాండిల్ వణుకుతున్నది. గందుకే గిది తెప్పిచ్చిన. స్టీరింగ్ డ్యాంపర్. బిగిస్తవా?" అంటూ ఓ చిన్న డబ్బా ఇచ్చాడు.

డబ్బాలో ఉన్నది సైకిల్ పంపులో సగమైనా లేదు. నూనె నింపిన గొట్టం, అందులోంచి బయటికి వచ్చిన కడ్డీ. గొట్టాన్ని బండి చట్రానికి, కడ్డీని ముందు ఫోర్కుకు బిగిస్తారట. హ్యాండిల్ మెల్లగా తిప్పితే తిరగనిస్తుంది. ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకోబోతే పట్టి ఆపుతుంది.

"పెట్టిపో. రేపు పొద్దుగూకంగ రా," అన్నాడు గజేందర్.

గజేందర్ గురించి చెప్పాలంటే ముందు అతని భయం గురించి చెప్పాలి. మెకానిక్ అయ్యుండి బండిని నడక వేగం కంటే ఎక్కువ నడపడు. ట్రయల్‌కు తీసుకుపోతే పక్కన కుక్క కూడా తొందరపడకుండా నడిచిపోవచ్చు. ఎడ్లబండి మెకానిక్ అని గిరాకీలు నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. కానీ పంక్చర్‌కు వచ్చిన బండైనా సరే, ముందు చక్రం పైకెత్తి, ఫోర్కు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడనిదే పంపడు. తొమ్మిదేళ్ళుగా చిన్నకోడూరు పోవాలంటే చుట్టూ తిరిగి వేరే దారిన పోతాడు. మల్లేశ్ పడిన మలుపు ఆ రోడ్డులోనే ఉంది.

ఇంకొక సంగతి. అతని పనిముట్ల పెట్టె అడుగున లావు తాడు ముక్క ఒకటి ఉండేది. ఓసారి ఫోమ్ కట్ట కట్టుకుందామని తీసుకోబోతే నా చేతిలోంచి గుంజుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. తాడు ముక్కకింత రాద్ధాంతమా అని చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత చాయ్ తాగుదామని అతనే పిలిచాడు, నేను బెట్టు చేస్తూనే పోయాను.

వాళ్ళ బాపు వెంకటనర్సయ్య చిన్నకోడూరులో తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే మోకు తాడునే నమ్ముకుని బతికాడు. ఒక్కసారి కూడా చెట్టు మీంచి పడలేదు, మంచంలో జ్వరంతో పోయాడు. ఆయన మోకును తల్లి చంద్రవ్వ ఇంట్లో దేవుడి పక్కన వేలాడదీసింది. వాళ్ళింట్లో మోకును దాటరు, తెంపరు. అట్లాంటిది మల్లేశ్ ఆ స్పోర్ట్స్ బండి తెచ్చాక ఆమెకు నిద్ర కరువై, కొడవలితో మోకు తెంపి ఓ ముక్క తీసింది. పసుపు రాసి, గీత కార్మికుల దేవుడు కాటమయ్యకు మొక్కి, మల్లేశ్ లేనప్పుడు బండి మెడకు, హ్యాండిల్ కింద ఎవరికీ కనబడని చోట, బిగించి చుట్టి కట్టింది. ఇది ఆమె అందరికీ చెప్పుకుని ఏడ్చిన సంగతే. "పెనిమిటి మోకు మీద కొడవలి పెట్టిన. గా పాపమే నా కొడుకును తిన్నది," అనేది. కొడుకు పోయిన నాటి నుంచి చిన్నకోడూరు కాటమయ్య గుడి మెట్టెక్కలేదు. పండక్కి పిలవడానికి వచ్చిన కులపోళ్ళను వాకిట్లోంచే పంపేసేది.

మర్నాడు పొద్దున్నే గజేందర్ పని మొదలుపెట్టాడు. ముందు ప్లాస్టిక్ తొడుగు విప్పి, హ్యాండిల్ మెడలో ఉండే బేరింగులు, వాళ్ళ భాషలో కోన్‌సెట్, బయటికి తీశాడు. అరిగి గుంటలు పడ్డాయి. కొత్తది వేశాడు. "ఇది మార్చకుంట డ్యాంపర్ వేస్తే రోగం దాసినట్టే అయితది," అని గొణిగాడు. తర్వాత డ్యాంపర్ బిగించాడు. హ్యాండిల్ ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. ఆగాడు. మళ్ళీ తిప్పాడు. ఉన్నట్టుండి నేల మీద కూలబడ్డాడు.

"రమాకాంతన్నా, జెర గీడికి రా. నువ్వు తిప్పి చూడు."

నేను పోయి తిప్పాను.

"ఎట్లున్నది?"

"జెర బరువున్నది. ఎవలో అవతల పట్టుకున్నట్టున్నది," అన్నాను.

అతను హ్యాండిల్‌నే చూస్తూ అన్నాడు. "మల్లేశ్ గూడ గిదే అన్నడు. గీ మాటనే. అన్నా, హ్యాండిల్ ఎవలో పట్టుకున్నట్టున్నది, చూడవా అన్నడు."

నాకు చెయ్యి తీసేయాలనిపించింది, తీసేశాను. గజేందర్ పెట్టె అడుగు నుంచి ఆ తాడు ముక్క తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక కొస తెగిన చోట కత్తి గీసిన గీత తిన్నగా ఉంది. అది చంద్రవ్వ బండికి కట్టిన మోకు ముక్కేనని అప్పుడర్థమైంది నాకు.

"విప్పి చూస్తే మోకు ముక్క ఉన్నది. ఇద్దరం నవ్వినం. అవ్వ పని అనుకున్నం. ముడి రాలే, గంత గట్టిగున్నది. కత్తి పెట్టి కోసిన. హ్యాండిల్ వెన్నలెక్క తిరిగింది. అవ్వకు చెప్పకు అన్నడు మల్లేశ్, సంబురంగ పోయిండు. గా వారంలనే పడ్డడు."

"తాడుకు బండికి ఏం సంబంధం గజేందర్," అన్నాను. అన్నాను గానీ నా చేతుల్లో ఆ బరువు ఇంకా ఉంది.

"నేను గూడ గట్లనే అనుకున్న. ఇన్నేండ్లు రోజు పొద్దుగాల లేచి గదే చెప్పుకున్న. నేను మెకానిక్‌ను, తాడుతోని ఏమైతది అని. ఇప్పుడు చూడు. గీ డ్యాంపర్ చేసే పనే గా మోకు చేసింది. ఒరుసుకుంట పట్టి ఆపింది. కోన్‌సెట్ అప్పటికే అరిగింది, మోకు పట్టుకొని ఉండె గనక వణుకు తెల్వలే. నేను మోకు కోసిన, కోన్‌సెట్ చూడలే. చక్రం లేపి ఒక్కపారి ఊపితే తెలుస్తుండె."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఊరడించే మాట ఏదైనా అనాల్సింది, అలాంటివి నా నోటికి రావు. నా నోటికొచ్చింది ఒక్కటే. "నీ అవ్వ మోకు తెంపిన పాపమని ఏడుస్తుంటే నువ్వు ఇని ఊకున్నవా?"

బండి అక్కడే ఉంది, హ్యాండిల్ ఓ పక్కకు తిరిగి ఉంది, నేను వదిలినట్టే. అయినా అటు చూడబుద్ధి కాలేదు. గజేందర్ తాడు ముక్క పట్టుకుని లేచాడు. "నువ్వు గూడ రా అన్నా. ఒక్కన్నే పోలేను," అన్నాడు.

వాళ్ళిల్లు వెనక గల్లీలోనే. చంద్రవ్వ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. గజేందర్ ఆమె ముందు తాడు ముక్క పెట్టాడు. పసుపు ఎప్పుడో పోయింది, అయినా ఆమె చూడగానే గుర్తుపట్టింది. చింతపండు చేతులు అలాగే ఆగిపోయాయి.

"గిది బండి పడ్డనాడు ఏడనో పడిపోయిందన్నవు గదరా."

"అబద్ధం అవ్వా. బండి పడ్డనాడు గిది బండి మీద లేదు. వారం ముందే నేను కోసేసిన."

మిగతాదంతా చెప్పాడు. హ్యాండిల్ బరువు, నవ్వుకోవడం, అరిగిన బేరింగు, అంతా. తనను తాను వెనకేసుకొచ్చే మాట ఒక్కటీ కలపలేదు. ఆమె తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని నేను గోడకు ఆనుకుని ఎదురుచూస్తున్నాను. ఆమె తాడును ఎత్తి, తెగిన కొసను బొటనవేలితో తడిమింది.

"ముడి ఊడిందా?" అని అడిగింది.

"ఊడలే. రాలేదనే కత్తి పెట్టిన."

"అయితే నేను కట్టింది పట్టిందన్నట్టు."

"పట్టింది అవ్వా. నేనే ఇడిపిచ్చిన."

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. "ఇన్నేండ్లు నన్ను గట్లనే ఉండనిచ్చినవా బిడ్డా?" అంది. గొంతు పెంచలేదు. తాడు తీసుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. గజేందర్ ఆ గడప ముందే కూర్చుండిపోయాడు. చింతపండు మీద ఈగలు ముసురుతుంటే నేను చేట కప్పి నా దుకాణానికి వచ్చేశాను.

పొద్దుగూకే వేళకు ఆమె షెడ్డుకు వచ్చింది. కొడుకు పోయాక ఆమె ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదలు. నేరుగా బండి దగ్గరికి పోయి సీటు అంచున ఎర్రదారం మీద చెయ్యి వేసి నిమిరింది. కొంగులోంచి తాడు ముక్క తీసింది. కొత్తగా పసుపు రాసి ఉంది.

"ఏడ కట్టాలె? నువ్వే చెప్పు. మల్ల ఎవ్వలు కోసే పని పడకుంట," అంది.

గజేందర్ వంగి, హ్యాండిల్‌కు అడ్డం రాని చోట, డ్యాంపర్ గొట్టం బిగించిన చట్రపు కమ్మీని చూపించాడు. ఆమె కట్టింది. పళ్ళతో పట్టి మరీ ముడి బిగించింది.

మహేందర్ వచ్చేసరికి ముగ్గురం అక్కడే ఉన్నాం. గజేందర్ అతనికి దాచకుండా చెప్పాడు, ఈ బండి మీదే తన తమ్ముడు పోయాడని, ఎందుకు పోయాడో కూడా. మహేందర్ వంగి పసుపు తాడును వేలితో తాకి చూశాడు. హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"జెర బరువైందే అన్నా," అన్నాడు.

చంద్రవ్వ చటుక్కున కొడుకు వైపు చూసింది. నేనూ చూశాను.

"గట్లనే ఉండాలె," అన్నాడు గజేందర్. "ఎవలన్న తీస్తమంటే తియ్యనియ్యకు."

మహేందర్ తల ఊపి మెల్లగా బయల్దేరాడు. చప్పుడు మలుపు తిరిగి, సన్నగిల్లి, వినబడకుండా పోయేదాకా ఎవరమూ కదల్లేదు. చంద్రవ్వ కొంగు దులిపి నడుముకు దోపుకుంది.

"రేపు కాటమయ్య కాడికి తీస్కపో," అంది కొడుకుతో.

"సుట్టు తిరిగి పోదాం అవ్వా."

"వద్దు. గా మలుపు మీదికెళ్ళే పోదాం. నీ బండి మీద."

"నాకు చేతులు వణుకుతయి అవ్వా."

"వణకనీ. నేను ఎనుక పట్టుకుని కూసుంట," అంది చంద్రవ్వ.