మట్టి లోడు

బుచ్చన్న మగ్గం గుంతలోంచి లేచిపోయి లారీ ఎక్కిన రోజు గద్వాలలో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, ఆయనకు తప్ప. అప్పుడాయనకు పద్నాలుగేళ్లు. అంతవరకు నాయన పక్కన, గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పోగు మోసే అంచు నాడెను అటూ ఇటూ విసరడం ఆయన పని. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ వరస వరసకూ కలుపుతూ పోవాలి గనుక అది ఒక్కరితో తెమిలే పని కాదు. నేసే మనిషి ఒకరుంటే, పక్కన అంచు నాడె పట్టే మనిషి ఇంకొకరు ఉండాలి. ఆ రోజు బుచ్చన్న పోగు తప్పాడు. నాయన నెత్తిమీద ఒక్కటిచ్చాడు. అదేమీ మొదటి దెబ్బ కాదు. కాకపోతే ఆ పూట వీధి చివర ఒక లారీ ఆగి ఉంది, దానికి క్లీనర్ లేడు.

అట్లా పోయినవాడు నలభై ఆరేళ్లు రోడ్డు మీదే ఉన్నాడు. నేత ఇంట్లో పుట్టి స్టీరింగు పట్టాడని నాయన చచ్చేదాకా సరిగ్గా మాట్లాడలేదు. పెళ్లి మాత్రం చేశాడు. కాపురానికొచ్చిన కళావతి, మొగుడు ఖాళీ చేసిన చోట గుంతలో కూర్చుంది. మామ పోయాక మామ చోటికి జరిగింది. మగ్గానికి ఏ లోటూ రాలేదు. మొగుడే నెలకు నాలుగు రోజులు కనిపించేవాడు.

కొత్తలో ఆమె అడిగింది ఒకటే, సముద్రం చూడాలని. బుచ్చన్న కాకినాడలో, విశాఖలో, మంగళూరులో లోడ్లు దించి వచ్చి సముద్రం గురించి చెప్పేవాడు. ఆయన చెప్పేదాంట్లో చేపల కంపు, రేవు గేటు దగ్గర లారీల వరస తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అయినా కళావతి నోరు తెరుచుకుని వినేది.

"నన్ను గూడ తోల్కపో" అనేది.

"ఈ లోడు దించొచ్చినంక పోదాం" అనేవాడు.

లోడు దిగేది, ఇంకోటి ఎక్కేది. కొన్నేళ్లకు కళావతి అడగడం మానేసింది. ఆ సంగతి బుచ్చన్న గమనించలేదు. గమనించే తెలివి ఉంటే ఈ కథ చెప్పుకునే పనే ఉండేది కాదు.

అరవై నిండిన ఏడాది, ఆయన బండి తోలిన సేటు తన లారీలన్నీ అమ్మకానికి పెట్టాడు. బుచ్చన్న ఇంటికొచ్చాడు. ఇంట్లో ఆయనకు పని లేదు, చోటూ లేదు. పొద్దున్నే కళావతి గుంతలో దిగేది. పక్కింటి ఈదమ్మ వచ్చి అంచు నాడె పట్టుకుని ఆమె పక్కన కూర్చునేది. ఇక పొద్దు గూకేదాకా ఇద్దరూ లేచేవాళ్లు కాదు. దేశమంతా తిరిగిన మనిషి గడప దగ్గర కూర్చుని, పెళ్లాం వీపు చూస్తూ చాయ్ తాగేవాడు. అట్లా ఆరు నెలలు చూసి చూసి, తనకు ఈమె కావాలని ఆయనకు తెలిసింది. ఆలస్యంగానే తెలిసింది. అసలే తెలియకుండా పోయేవాళ్లున్నారు, వాళ్లకంటే నయం.

ఆ రోజుల్లోనే ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎవరో మొగుడూపెళ్లాలు లారీని ఇల్లు చేసుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఊళ్లు తిరుగుతున్నారు. బుచ్చన్న ఆ వీడియోను పదకొండుసార్లు చూశాడు. సేటు దగ్గర ఎవరూ కొనకుండా మిగిలిపోయిన పది టైర్ల లారీ ఒకటుంది. దాని దగ్గూ తుమ్మూ అన్నీ ఆయనకు తెలిసినవే. దాన్ని చవగ్గా కొనుక్కుని నేరుగా వనపర్తిలో లారీ బాడీలు కట్టే గోపి షెడ్డుకు తోలాడు.

"ఏం కట్టాలె మామా? కోళ్ల బండా, నీళ్ల బండా?" అన్నాడు గోపి.

"ఇల్లు."

గోపి వెల్డింగు అద్దం పైకెత్తాడు. "ఎవరికి?"

"నాకూ మీ అత్తకూ."

"అత్త ఒప్పుకున్నదా?"

"బండి సూస్తే ఒప్పుకుంటది."

గోపి అద్దం దించుకుని పనిలో పడ్డాడు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత అతనికీ తెలుసు. కానీ పని ఇచ్చినవాడికి సామెతలు చెబితే షెడ్డు నడవదు.

మూడు నెలలు పట్టింది. లారీ వెనక తొట్టి మీద రేకు కప్పు వేశారు, కప్పు కింద థర్మకోల్ పరిచారు. రెండు కిటికీలు, ఒక మంచం, గిన్నెలు జారకుండా అంచు కట్టిన స్టవ్వు గట్టు, పైన నీళ్ల డ్రమ్ము. ఒక బాత్‌రూమ్ కూడా ఉంది. లోపల తిరగడానికి వీల్లేదు గనుక, ఎటు తిరిగి నిలబడాలో తలుపు తీయకముందే నిర్ణయించుకోవాలి. ఇంటి ముందు ఆపితే వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. కళావతి అందరికంటే చివర వచ్చింది. కొంగుతో స్టవ్వు గట్టు తుడిచింది, కిటికీ తీసి మూసింది.

"మంచిగున్నది. ఎవరు పోతుండ్రు?"

"మనమే. సముద్రం కాడికి."

కళావతి ఇంటి వైపు చూసింది. "మగ్గం మీద చీరున్నది" అంది.

"దిగినంక పోదాం."

"దిగినంక అతుకుంటది."

మగ్గం సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మగ్గానికి నిలువుగా కట్టే పోగులను పడుగు అంటారు, ఒక పడుగు మీద మూడు చీరలు దిగుతాయి. మూడోది కోసేటప్పుడు పాత పోగుల కొసలు మగ్గానికే వదిలేసి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. అవి వేలల్లో ఉంటాయి. అతుకు పూర్తయితే మగ్గం మళ్లీ నిండినట్టే. కొన్ని ఇళ్లలో ఆ అతుకు నాలుగు రోజులు ఆగుతుంది. కళావతి ఇంట్లో ముప్పై మూడేళ్లుగా ఒక్క పూట కూడా ఆగలేదు.

బుచ్చన్న మూడో చీర దాకా ఓపిక పట్టాడు. చీర దిగే రోజు పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి పెట్టాడు. కళావతి చీర కోసింది, మడత పెట్టింది, కాసిన్ని మంచినీళ్లు తాగింది. ఈదమ్మను పిలిచి అతుకుకు కూర్చుంది. మర్నాడు పొద్దు గూకే వేళకు అతుకు అయిపోయింది. బుచ్చన్న ఇంజను ఎప్పుడో ఆపేశాడు.

"రెండు దినాలు బోసిగుంటే ఏమైతది?" అన్నాడు.

"మీ అమ్మ ఒద్దన్నది."

"అమ్మ పోయి ఇరవై ఏండ్లాయె."

"మాట పోలే గద."

బుచ్చన్న వారం రోజులు ఆలోచించి ఇంకో మాటతో వచ్చాడు. "మగ్గం గూడ బండ్లకే ఎక్కిస్త. అప్పుడొస్తవా?"

కళావతి నాడె ఆపి ఆయన ముఖంలోకి చూసింది. రాను అనలేదు.

లారీ మళ్లీ వనపర్తి పోయింది. గుంత కోసం తొట్టి అడుగు కోద్దామని గోపి కింద దూరాడు. సరిగ్గా అక్కడే చక్రాలను తిప్పే జాయింట్ రాడ్ ఉంది. గుంతను పక్కకు జరిపి, కాళ్లు పెట్టుకోవడానికి కింద ఒక ఇనుప పెట్టె వేలాడదీశాడు. బండి గద్వాలకొచ్చాక మగ్గం ఎక్కించి, ఇంటి ముందే పరీక్షగా నాలుగు వరసలు నేసి చూశారు. పాలమూరు ఎండకు రేకులు కాలుతుంటే పోగులు పటపట తెగాయి.

ఈదమ్మ లోపలికి తొంగి చూసి, "ఇనుముల నూలు బతుకుతదా అన్నా? దానికి నేల సల్లదనం గావాలె" అంది.

ఆమె ఆ మాట ఎగతాళికే అంది. బుచ్చన్న అందులో ఎగతాళి వదిలేసి మాట మాత్రం తీసుకున్నాడు. నేల కావాలంటే నేలే ఎక్కిస్తాడు. బండి మోసే బరువుకు మట్టి ఒక లెక్కా! ఇంటి వెనక మట్టిగోడ ఒకటి మొన్నటి వానలకు కూలి కుప్పగా పడి ఉంది. వాళ్ల తాత కట్టిన గోడ అది. మూడు రోజులు ఆ మట్టిని తట్టలతో మోసి, తొట్టిలో వెనక సగం నడుమెత్తు నింపాడు. మంచం తీసేయాల్సి వచ్చింది. కళావతి కొంగు దోపుకుని ఎక్కి, నీళ్లు చల్లి, మట్టిని దిమ్మిసతో కొట్టి, పేడతో అలికింది. మధ్యలో గుంత తవ్వి, మగ్గం నిలిపి, మూలకు చిన్న ముగ్గు కూడా వేసింది. ఈదమ్మతో కలిసి జానెడు నేసి చూస్తే పోగు తెగలేదు.

ఇక మిగిలింది ఈదమ్మ. "నాకు రాయచూరు బస్సే పడదు, వాంతులైతయి. నన్నిడిసిపెట్టుండ్రి" అని ఆమె ఇంట్లోకి పోయింది.

"మరి అంచు నాడె ఎవరు పడ్తరు?" అంది కళావతి.

"నేను పడ్త."

"నీకొస్తదా?"

"నలభై ఆరేండ్ల కింద వచ్చేది."

"బీచుపల్లి దాక పోదాం. ఆడ ఒక చీర నేసి సూస్త. నీతోని కాకపోతే మళ్లి ఇంటికే" అంది కళావతి. బుచ్చన్నకు దక్కిన అవకాశం అంతే, ఎనిమిది గజాల చీరంత.

బయలుదేరే పొద్దున క్యాబిన్‌లో ఎడమ సీటుకు కొత్త దిండు వేసి, తలుపు తీసి నిలబడ్డాడు. కళావతి ఆ తలుపు దాటుకుని వెనక్కి పోయి తొట్టి ఎక్కింది. బండి ఊగితే పడుగు కదులుతుందట, పట్టుకుని కూర్చోవాలట. ఇన్నేళ్ల తర్వాత, ఇంత చేసిన తర్వాత, బుచ్చన్న పక్కన మళ్లీ ఖాళీ సీటే. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. డ్రైవరు గనుక కళ్లు తుడుచుకుని అద్దం చూసుకున్నాడు.

పెద్ద రోడ్డు ఎక్కగానే తనిఖీవాళ్లు ఆపారు.

"ఏం లోడు?"

"మట్టి సార్."

"పర్మిట్?"

"లోడు గాదు సార్. మా ఇంటి నేల."

ఇట్లాంటి జవాబులు చాలా విన్న మనిషి ఆ అధికారి. వెనక తలుపు తీయించాడు. లోపల ఒక ఆడమనిషి నడుము దాకా నేలలో దిగి కూర్చుని ఉంది, ముందర మగ్గం, మూలకు ముగ్గు. అధికారి కాలు పైకి పెట్టబోయాడు.

"చెప్పులిడిసి ఎక్కు సారూ, అలికిన నేల" అంది కళావతి.

ఆయన బూట్లు విప్పి ఎక్కాడు. చుట్టూ చూశాడు. చేతిలో పుస్తకం తెరిచి, దీన్ని ఏ గడిలో రాయాలో తెలియక మూశాడు. అంచు మీది జరీ ఏనుగులను చూసి, ఇది ఆకుపచ్చలో కూడా వస్తుందా అని అడిగాడు. వస్తుందంది కళావతి. బూట్లు తొడుక్కుని, బండి పోనిమ్మన్నాడు.

బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున, ఆంజనేయస్వామి గుడికి కొంచెం దూరంగా బండి ఆపారు. బుచ్చన్న పంచె ఎగగట్టి గుంతలో కాళ్లు పెట్టాడు. మోకాళ్లు కిర్రుమన్నాయి. నాడె చేతికి రాగానే పద్నాలుగేళ్ల నాటి భయం మొత్తం తిరిగొచ్చింది. పదో వరసలోనే పోగు తప్పాడు. తప్పిన మరుక్షణం తలను భుజాల్లోకి ముడుచుకున్నాడు.

ఏమీ పడలేదు. కళావతి తప్పిన చోట పోగు ఊడదీసి, నాడె మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

"గట్ల ఒంగుతవేంది?"

"నాయనైతే ఒక్కటిచ్చేటోడు."

"నేను మీ నాయన్ని గాదు. జర మెల్లగ ఇసురు."

ఎనిమిది రోజుల చీర ఇరవై రోజులు పట్టింది. ఇంట్లో ఉంటే కళావతి దానికి ఒప్పుకునేది కాదు. ఇంటికి పోదామని మాత్రం ఆమె అనలేదు, ఆయన అడగలేదు. రెండో చీర నాగర్‌కర్నూల్‌లో చెరువు గట్టు కింద పదమూడు రోజుల్లో దిగింది. మూడోది అచ్చంపేట దాటాక అడవి అంచున, పది రోజులు. అప్పటికి బుచ్చన్న చెయ్యి కుదురుకుంది. పక్కపక్కనే మోకాళ్లు తగులుతూ కూర్చుని, పెళ్లయిన నాటినుంచి మాట్లాడుకోని మాటలన్నీ మాట్లాడుకున్నారు. ఎక్కువగా కూరల గురించే.

మూడో చీర కోసిన పొద్దున బుచ్చన్నే లేచి, మూటలోంచి కొత్త పడుగు తీసి మగ్గం దగ్గర పెట్టాడు. ముందుంది నల్లమల ఘాటు. అది దాటి మార్కాపురం, ఒంగోలు, ఆ తర్వాత సముద్రం. పెళ్లాం అతుకు కాకుండా కదలదని ఆయనకు తెలుసు. అందుకే అడగకముందే కూర్చుని మొదటి పోగు చేతిలోకి తీసుకున్నాడు.

"ఒద్దు, మూట గట్టు" అంది కళావతి.

"అమ్మ మాట?"

"మీ అమ్మ ఏమన్నదో నీకు తెల్వదు." చీర మడత పెడుతూనే చెప్పింది. "మొగుడు బండి మీద ఉన్నన్ని దినాలు మగ్గం బోసిగుండొద్దు, మగ్గం మీద పోగుంటే మనిషి మళ్లొస్తడు అన్నది. నువ్వు రోడ్డు మీద, నేను గీడ. నేనేం జెయ్యగలను? అతుకుకుంట గూసున్న."

బుచ్చన్న చేతిలో పోగు అట్లాగే ఉండిపోయింది. ఘాట్ రోడ్డు మీద రెండుసార్లు బ్రేకులు పోయి బతికాడు. రెండుసార్లూ దార్లో కనబడ్డ గుడికల్లా కొబ్బరికాయ కొట్టాడు. ఇంట్లో వేళ్లు పుండ్లు పడేటట్టు అతుకుతూ కూర్చున్న మనిషికి కనీసం రెండు జామపండ్లు తేలేదు. సిగ్గేసింది.

"మరి ముందట ఘాటున్నది గదనే" అన్నాడు.

"ఉంటే ఉండనీ. ఇప్పుడు నువ్వు మళ్లొచ్చుడేంది? నేను నీ పక్కనే ఉంట గద."

చీర మూటలో పెట్టి, తొట్టి దిగి, చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. క్యాబిన్ మెట్టు ఎత్తుగా ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కి, ఎడమ సీట్లో దిండు సర్దుకుని కూర్చుంది.

"సముద్రం సూసినంక అతుకుదాం. పోనీ" అంది.

బండి కదిలింది. ఘాటు ఇంకా చాలా దూరంలో ఉంది, రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. వెనక మగ్గం బోసిగా ఉంది. అడవి మొదట్లో మన్ననూరు గేటు దాకా బుచ్చన్న రెండో గేరు దాటలేదు.