హెషన్‌కి నలభై సెకన్లు ఎక్కువ

మాలకీ టూహీకి రెండు వస్తువులు పక్కపక్కన కనిపిస్తే చాలు, వాటి మధ్య తేడా ఎంతో తేల్చేదాకా తిండి సహించేది కాదు. తేల్చాక, వెనకబడిన దానికి ఏదో ఒక వెసులుబాటు ఇచ్చేదాకా నిద్ర పట్టేది కాదు. అవి రెండు గాడిదలు కావచ్చు, రెండు గడియారాలు కావచ్చు, ఇద్దరు ఫాదర్లు చెప్పే ప్రసంగాలు కావచ్చు. జేబులోంచి స్టాప్‌వాచీ తీసి, పెన్సిలు నాలుకకు అద్ది, ఎర్ర అట్ట నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు.

మా బాలిన్‌డారాలో ఆయన ఉద్యోగం పాలకేంద్రంలో క్యాన్లు తూచడం. పొద్దున్నే పొగమంచులో గాడిదబండ్లు వరస కట్టేవి. ఏ గాడిద నడక ఎంతో మాలకీకి తెలుసు. ముసలి గాడిదలు మోసుకొచ్చిన పాలు ముందు తూచి పంపేసేవాడు, కుర్ర గాడిదల్ని ఆపేవాడు. అలా చేస్తే అన్ని బండ్లూ ఒకే క్షణంలో ఇళ్ళు చేరతాయట. చేరితే మాకేంటి లాభమని రైతులు అడిగేవాళ్ళు. ఆయన మాత్రం కొండ వాలంతా ఒకేసారి బండ్లు ఆగినట్టు, ఒకేసారి తలుపులు తెరుచుకున్నట్టు ఊహించుకుంటూ కళ్ళు సగం మూసుకుని నిలబడేవాడు. ఈలోగా కింద క్యానులోంచి పాలు పొర్లిపోయేవి.

డాన్సు హాల్లోనూ ఇదే వరస. అందగాళ్ళను తలుపు దగ్గర ఆపి వానల గురించి మాట్లాడేవాడు, సరిగ్గా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో బిడియస్తులు వెళ్ళి అమ్మాయిలను డాన్సుకు అడగాలి. మా ఊళ్ళో మూడు పెళ్ళిళ్ళు అలా కుదిరాయి. నాది కుదరలేదు. నన్ను అడగాల్సిన బిడియస్తుడికి రెండు నిమిషాలు చాలలేదు.

నేను పోస్టాఫీసు కౌంటర్లో స్టాంపులు అమ్మేదాన్ని. ఏడాదికి ఒక్కరోజు మాత్రం మాలకీ పక్కన గడ్డిబండి మీద కూర్చుని కార్ల పందానికి టైము రాసేదాన్ని.

ప్రతి జులైలో ఒక శనివారం కౌంటీ వాళ్ళు మా రోడ్లు మూసేసి పందానికి ఇచ్చేవాళ్ళు. నాలుగు మైళ్ళ చుట్టు, పది చుట్లు. వంతెన దాటి, పాలకేంద్రం పక్కగా వెళ్ళి, చర్చి వెనక సందులోంచి మళ్ళీ పొలాల్లోకి. అందులో షోరూములో ఎవరికైనా అమ్మే స్పోర్ట్సు కార్లే పరిగెత్తాలి, ప్రత్యేకంగా చేయించుకున్నవి పనికిరావు. కార్లన్నీ ఒక రకం కావు కాబట్టి మెల్లగా పోయేవి ముందు బయల్దేరతాయి, జోరుగా పోయేవి చివర బయల్దేరతాయి. ఏ కారుకి ఎన్ని సెకన్లు ముందు ఇవ్వాలో తేల్చేది మాలకీ. లెక్క నిజంగా సరిగ్గా కుదిరితే తొమ్మిది కార్లూ ముగింపు గీత దగ్గరికి ఒకేసారి రావాలి. పదకొండేళ్ళుగా ఆయన ఆ క్షణం కోసం ఎదురు చూస్తున్నాడు.

కార్ల గురించి మొదలుపెడితే ఆయన్ని ఆపడం మా వల్ల అయ్యేది కాదు. డాక్టరు గారి ఆరు సిలిండర్ల పెద్ద కారు తిన్నటి రోడ్డు మీద రాజేనట, కానీ బరువు ఎక్కువ కాబట్టి ఏడో చుట్టుకల్లా బ్రేకులు వేడెక్కి నీరసపడిపోతుందట. వెనక ఇంజను ఉన్న జర్మను కారు మలుపులోంచి అందరికన్నా ముందు బయటపడుతుంది గానీ, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీశావో, తోక తిప్పేస్తుందట. చిన్న ఆకుపచ్చ కార్లకి బలం లేదు, కానీ తేలిక. వాటికి బ్రేకులతో పనే తక్కువ. వర్షం పడిందా, ఈ లెక్కలన్నీ కొట్టేసి కొత్తవి రాయాలి. ఆయన చెబుతుంటే ఇంజన్ల చప్పుడు ఎక్కడో పొలాల అవతల కలలో వినిపిస్తున్నట్టు ఉండేది, నాకు కునుకు పట్టేది.

ఆ చిన్న ఆకుపచ్చ కార్లు మా పందెంలో రెండు. ఒకటి రొట్టెల దుకాణం నడిపే ఓవెన్ హెషన్ అనే ఆయనది, రెండోది వేలంపాటల ఫర్గస్ లూబీది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఏడాది, ఒకే రంగు, ఒకే షాపులో ఒకే వారంలో కొన్నారు. కానీ ఏటా అచ్చువేసే పందెం కాగితంలో లూబీకన్నా హెషన్‌కి నలభై సెకన్లు ఎక్కువ ఉండేవి.

లూబీ నోరు ఊరికే ఉండే నోరు కాదు, ఆవుల్ని అమ్మే నోరు. ఆ ఏడు పందెం కమిటీ పెద్ద ఫాదర్ కిలియన్ ముందు కూర్చుని గొడవ పెట్టుకున్నాడు. కార్లు రెండూ కవలలైతే ఆ నలభై ఎక్కణ్ణుంచి వచ్చాయన్నాడు. హెషన్ రొట్టెలు ఉచితంగా ఇస్తున్నాడా అని కూడా అన్నాడు. మాలకీ ఎర్రగా అయిపోయి ఒక్క మాటే అన్నాడు, తేడా ఉందని.

"ఏం తేడా, చెప్పవయ్యా," అన్నాడు లూబీ.

"ఉంది."

"ఎక్కడుంది? ఇంజన్లోనా, చక్రాల్లోనా?"

"రోడ్డు మీద," అన్నాడు మాలకీ.

ఫాదర్ కిలియన్‌కి మాలకీ అంటే ఇష్టమే, కానీ న్యాయం లూబీ వైపు ఉంది. పందెం అయిన సాయంత్రం కమిటీ మళ్ళీ కూర్చుంటుందని, ఆ నలభైకి కారణం చెప్పలేకపోతే మాలకీ నోటుబుక్కు ఇచ్చేసి తప్పుకోవాలని తీర్పు చెప్పాడు. మాలకీకి పెళ్ళాం పిల్లలు లేరు. ఏడాదిలో పదకొండు నెలలు ఆ ఒక్క రోజు కోసమే బతికేవాడు.

పందానికి ముందు రోజు, శుక్రవారం ప్రాక్టీసులో, హెషన్, లూబీ ఇద్దరినీ కార్లు మార్చుకుని నడపమన్నారు. లూబీ కారులో కూర్చున్నా హెషన్ చుట్టుకి నాలుగు సెకన్లు వెనకే. హెషన్ కారులో లూబీకి ఏ తేడా రాలేదు. నాలుగు పదులు నలభై, మాలకీ లెక్క చుక్క తేడా లేకుండా సరిపోయింది. కానీ లూబీ చంకలు గుద్దుకున్నాడు. తేడా మనిషిలో ఉందన్నమాట, మన రూలు కార్లని పోల్చమంటుంది గానీ మనుషుల్ని కాదన్నాడు. ఆ నాలుగు సెకన్లు హెషన్ ఎక్కడ పోగొట్టుకుంటున్నాడో కనిపెట్టమని కమిటీ నాకు స్టాప్‌వాచీ ఇచ్చి పంపింది.

నేను సైకిలెక్కుతుంటే మాలకీ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, వంతెన దగ్గర చూడు, పాలకేంద్రం దగ్గర చూడు. చర్చి వెనక సందులోకి మాత్రం వెళ్ళకు. అక్కడ కుక్కలున్నాయి."

పుట్టిందగ్గర్నుంచి ఆ ఊళ్ళోనే ఉన్నాను, ఆ సందులో కుక్క మొహం చూడలేదు. వంతెన దగ్గర ఇద్దరిదీ ఒకటే టైము, పాలకేంద్రం దగ్గరా ఒకటే. ఇక తిన్నగా చర్చి వెనక్కి వెళ్ళాను.

జులైలో మాకు రాత్రి పదింటిదాకా వెలుతురే. సముద్రం మీదనుంచి తెల్లటి మంచు పొలాల మీదుగా మెల్లగా వస్తోంది. కోసిన గడ్డి వాసన. ఆ సందులో పందెం చూడ్డానికి ఎవరూ నిలబడరు, రెండు గోడల మధ్య చూడ్డానికేమీ ఉండదు. దూరంగా ఇంజను మూలుగు వినిపించి, పెద్దదై, ఆకుపచ్చ కారు మంచులోంచి బయటికొచ్చింది. అంతలో చప్పుడు తగ్గిపోయింది. హెషన్ కాలు తీసేశాడు. కారు దాదాపు నడకలోకి దిగింది. ఆయన తల పైకెత్తి చెయ్యి ఊపాడు. నా తలపైన కిటికీలోంచి పసుపు పచ్చ గుడ్డ ఒకటి ఊగింది. మళ్ళీ ఇంజను అరిచింది, కారు మంచులో కలిసిపోయింది. వాచీ చూసుకుంటే నాలుగు సెకన్లు.

అది హెషన్ ఇల్లేనని, పైన ఊనా ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఊనా హెషన్ భార్య. నడుము దెబ్బతిని ఆరేళ్ళుగా మెట్లు దిగలేదు. ఊళ్ళో అందరం పండక్కి కేకు పంపేవాళ్ళం, పైకెళ్ళి కూర్చున్నవాళ్ళం తక్కువ. సిగ్గుపడుతూ పైకి వెళ్ళాను. మంచం కిటికీకి ఆనుకుని ఉంది, కానీ కొంచెం వంకరగా వేసి ఉంది. నా చూపు గమనించి ఊనా నవ్వింది.

"అది మాలకీ పని. ఐదేళ్ళ కిందట టేపు పట్టుకుని వచ్చాడు. మా ఆయన డెబ్బై మైళ్ళ వేగంతో పోతే నాకు సెకను కూడా కనపడడని లెక్కగట్టాడు. మంచం ఇలా తిప్పితే ఐదు గజాల రోడ్డు ఎక్కువ కనిపిస్తుందని తనే తిప్పి వెళ్ళాడు."

"ఆ నాలుగు సెకన్ల సంగతి ఓవెన్‌కి తెలుసా?"

"తను నెమ్మదిస్తున్నాడని నాకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన అనుకుంటున్నాడు. తెలిస్తే ఆపేస్తాడమ్మా. సిగ్గరి."

గడ్డిబండి దగ్గరికి తిరిగొచ్చి మాలకీని నిలదీశాను. కమిటీకి ఒక్క ముక్క చెబితే పోయేదానికి ఇంత రభస దేనికన్నాను. ఆయన నేలచూపులు చూశాడు.

"చెబితే హెషన్ ఆపేస్తాడు," అన్నాడు. "అప్పుడు నా లెక్క తప్పుతుంది."

లెక్క తప్పుతుందట. నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు పందెం. హెషన్ బయల్దేరిన నలభై సెకన్లకు లూబీ బయల్దేరాడు. చుట్టుకి నాలుగు సెకన్ల చొప్పున దగ్గరవుతూ వచ్చాడు. అలా అయితే పదో చుట్టులో, సరిగ్గా చర్చి వెనక సందులో, లూబీ హెషన్‌ని అందుకోవాలి. నాకా సంగతి తొమ్మిదో చుట్టులో తట్టింది. పక్కకి చూస్తే మాలకీకి ముందే తట్టినట్టుంది, పెన్సిలు కొరుకుతున్నాడు. పదో చుట్టులో సందు వైపునుంచి ఒక ఇంజను తగ్గినట్టు వినిపించింది. వెంటనే రెండోది కూడా తగ్గింది. ఆ తరవాత రెండూ కలిసి లేచాయి. గీత దగ్గరికి హెషన్ ముందు వచ్చాడు, లూబీ ఆయన వెనకే వచ్చాడు. దాటిపోవడానికి చోటు ఉన్నా దాటలేదు.

సాయంత్రం హోటలు వెనక గదిలో కమిటీ కూర్చుంది. హెషన్ కూడా ఓ మూల పిండి అంటిన బూట్లతో కూర్చున్నాడు. ఫాదర్ కిలియన్ నా వైపు తిరిగి, ఆ నాలుగు సెకన్లు ఎక్కడ పోతున్నాయని అడిగాడు. నేను మాలకీ వైపు చూశాను. మాలకీ అప్పటికే నోటుబుక్కు బల్ల మీద పెట్టేశాడు. అప్పుడు లూబీ లేచాడు.

"ఫాదర్, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను."

"నిన్నటిదాకా కార్లు కవలలన్నావు కదయ్యా?"

"వెనకాలే వెళ్ళి చూశాను. తేడా ఉంది."

"ఏం తేడా?"

"మాలకీ తూచింది సరిగ్గానే ఉంది ఫాదర్, ఇక వదిలేద్దాం." జీవితంలో మొదటిసారి లూబీ అంత తక్కువ మాటలతో కూర్చున్నాడు. ఫాదర్ నోటుబుక్కు తీసి మాలకీ చేతిలో పెట్టాడు. మాలకీ దాని అట్ట మీద చెయ్యి రాస్తుంటే చూడనట్టు నేను కాగితాలు సర్దాను.

కానీ వేలంపాటల మనిషి ఎన్నాళ్ళని నోరు కట్టుకుంటాడు? ఒక్కొక్క డ్రైవరునీ పక్కకి పిలిచి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. మరుసటి జులైకల్లా హెషన్‌కి తప్ప అందరికీ తెలుసు. ఆ శుక్రవారం ప్రాక్టీసులో తొమ్మిది కార్లూ చర్చి వెనక కాలు తీశాయి. డాక్టరు గారి పెద్ద కారూ, తోక తిప్పే జర్మను కారూ, అన్నీను. ఊనాకి గుడ్డ ఊపీ ఊపీ భుజం పట్టేసిందట. లూబీ అయితే టోపీ తీసి మరీ ఊపేవాడు.

మాలకీ లెక్కలన్నీ గంగలో కలిశాయి. అందరికీ నాలుగు సెకన్లు పోతే ఎవరికీ పోనట్టే. చివరికి ఆ ఏడు కాగితంలో హెషన్‌కీ లూబీకీ ఒకే వెసులుబాటు అచ్చయింది.

హెషన్ ఆ కాగితం పట్టుకుని చరచరా మా గడ్డిబండి దగ్గరికి వచ్చాడు. కారు అదే, నడిపేదీ తనే, నలభై సెకన్లు ఎక్కడికి పోయాయని నిలదీశాడు.

మాలకీ టూహీ తన జన్మలో ఒక్క సెకను కూడా తప్పుగా రాసి ఎరగడు. నోటుబుక్కు తెరిచాడు, మూశాడు, నా వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు.

"ఈ ఏడు నీ డ్రైవింగు బాగా మెరుగుపడిందయ్యా, ఓవెన్," అన్నాడు.

హెషన్ కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ఆ ముక్క ఊనాకి చెప్పడానికి ఇంటివైపు పరుగు తీశాడు.