చక్రధర్ సారు బోర్డు పరీక్షలు

మా చక్రధర్ సారు ఏ బోర్డునూ చదివి నమ్మరు. పరీక్షించి నమ్ముతారు. ‘పెయింటు పచ్చిగా ఉంది, తాకవద్దు’ అన్నచోట తాకి చూస్తారు. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న గేటు తీసి చూశారు కాబట్టే ఎడమ పిక్క మీద ఆ మచ్చ. “వాళ్లు అబద్ధం రాయలేదబ్బా,” అని ఆ ఇంటివాళ్లను ఇప్పటికీ మెచ్చుకుంటారు.

పూతలపట్టు దాటితే మా పక్షుల పార్కు. దానికి సారు అధికారి, టికెట్లిచ్చేది నేను. కొండకు పోయి వచ్చే జనం ఇక్కడ దిగి, గేటు దగ్గర ఆనందమ్మ అమ్మే బొరుగులు కొని నెమళ్లకు చల్లుతారు. పుణ్యం వాళ్లది, అజీర్తి నెమళ్లది. చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తిండి పెట్టవద్దని బోర్డు నాటాలి, నాటిన రోజే బొరుగుల గంపను తీసేయించాలి.

ఆనందమ్మకు ఆ గంప తప్ప వేరే ఆధారం లేదు. “నన్ను యాడికి పొమ్మంటావు నాయనా?” అని అడిగింది.

“ముందు బోర్డు పాసు కానీమ్మా,” అన్నారు సారు.

మొదటి బోర్డును చెట్టుకు ఆనించి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని పక్కన నిలబడ్డారు. గుప్పెట్లో బొరుగులతో ఒకాయన వచ్చాడు.

“బోర్డు సూడలేదా అప్పా?”

“సూసినా. అది దినామూ వచ్చేవాళ్లకు. మేం ఏడాదికొకతూరి వస్తాం.”

“ఫెయిలు,” అన్నారు సారు. ఆయన ముఖంలో బాధేమీ కనిపించలేదు.

రెండో బోర్డు మీద జబ్బుపడ్డ నెమలిని వేయమన్నారు. పెయింటరు కాశిం సాహెబ్‌కు జబ్బు వేయడం చేతకాలేదు, నెమలి మహా కళగా వచ్చింది. ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తుకుని పోయేవాళ్లు దాన్ని చూసి ఆగారు. స్వామి వాహనమని బోర్డుకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, కిందనే బొరుగులు నైవేద్యం పెట్టారు. నెమళ్లు వచ్చి ప్రసాదం తినిపోయాయి.

“ఏంది సార్ ఇది?” అన్నాను.

“ఘోరంగా ఫెయిలు,” అంటూ సారు హారతి కళ్లకద్దుకున్నారు.

తర్వాతి బోర్డులకూ అదే గతి. ఈలోపు సారుకు ఇంకో పిచ్చి పట్టింది. పరీక్షకని కొన్న బొరుగుల్లో ఆనందమ్మను ఒకరోజు ఎర్రగడ్డలు తరిగి కలపమంటారు, ఒకరోజు పచ్చిమిరపకాయలు, ఇంకోరోజు పప్పులపొడి, నిమ్మరసం. కలిపించుకుని తానే తింటారు. నాకు ఒళ్లు మండింది.

“ఏదో ఒక బోర్డు నాటేయండి సార్.”

“ఇంకా కారం సరిపోలేదు,” అన్నారాయన.

ఒకరోజు పై అధికారి రవిచంద్ర గారు తనిఖీకి వచ్చారు. పార్కు నిండా జనం, అందరి చేతుల్లో ఆనందమ్మ కట్టిచ్చిన పొట్లాలు, కానీ నేలమీద ఒక్క బొరుగు లేదు. కారం బొరుగులు పెట్టి నెమలి నోరు మండిస్తే పుణ్యం యాడిదని అందరూ తామే తింటున్నారు.

“గంప తీసేయమన్నాం కదా?”

“పక్షుల గంప తీసేసినాం సార్. ఇది మనుషులది,” అన్నారు చక్రధర్ సారు.

రవిచంద్ర గారు ఒక పొట్లం తిన్నారు. ఇంకోటి కట్టించుకుని వెళ్లిపోయారు.

అన్నాళ్లూ బోర్డులు ఎందుకు ఫెయిలయ్యాయో నాకప్పుడు తెలిసింది. నేను విసుక్కున్నవన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది, ఆయన మీద ప్రేమా కలిగింది. మర్నాడు సారు బోర్డు నాటించారు. గంప పక్కన కాశిం సాహెబ్ ఇంకో చిన్న బోర్డు పెట్టాడు: ‘కారం ఎక్కువ, జాగ్రత్త.’

సారు దాన్ని చదివారు. వెంటనే ఒక పొట్లం తీసుకుని గుప్పెడు నోట్లో వేసుకున్నారు. కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి.

“ఏమైంది నాయనా?” అని ఆనందమ్మ కంగారుపడింది.

“పాసు,” అన్నారు సారు, నీళ్లచెంబు కోసం వెతుక్కుంటూ.